పౌర సంబంధాల ఏజెన్సీ ఉద్యోగం

పౌర సంబంధాల ఏజెన్సీ (వాడుకలో పి.ఆర్. ఏజెన్సీ) అనగా ఇతర సంస్థల తరఫున పత్రికలు, టెలివిజన్, అంతర్జాల మాధ్యమాలు, పెట్టుబడిదారులు, సాధారణ ప్రజలతో సంబంధాలను నిర్వహించి, అందుకు రుసుము తీసుకొనే వ్యాపార సంస్థ. డిగ్రీ లేదా పీజీ పూర్తిచేసిన విద్యార్థులు ఇటువంటి సంస్థలో సాధారణంగా ట్రైనీ లేదా అకౌంట్ ఎగ్జిక్యూటివ్ హోదాలో చేరుతారు. ఇక్కడ అకౌంట్ అనే మాటకు జమాఖర్చులతో సంబంధం లేదు. ఏజెన్సీ సేవలు తీసుకొనే ఖాతాదారును (క్లయింటును) ఈ వృత్తిలో అకౌంట్ అంటారు. వాణిజ్యశాస్త్రం చదివిన అభ్యర్థులు ఈ పేరు చూసి పొరబడటం కద్దు.

ప్రకటనల రంగానికీ దీనికీ ఉన్న భేదం మౌలికమైనది. ప్రకటనకర్త పత్రికలో స్థలాన్ని, టెలివిజన్‌లో సమయాన్ని డబ్బిచ్చి కొంటాడు. కొన్నచోట తనకు నచ్చిన మాట వేయించుకుంటాడు. పౌర సంబంధాలలో స్థలం కొనరు. వార్త వేయాలా వద్దా, ఎంత వేయాలి, ఏ పేజీలో వేయాలి అన్నది పూర్తిగా పత్రిక నిర్ణయం. పాఠకుడు ప్రకటన కంటె వార్తను ఎక్కువగా నమ్మటానికి కారణం కూడా అదే. అంటే తాను హామీ ఇవ్వలేని ఫలితం కోసం ఏజెన్సీ నెలనెలా రుసుము తీసుకుంటుంది. ఒకవైపు "రేపు ఏయే పత్రికల్లో వస్తుంది?" అని అడిగే క్లయింటు, మరొకవైపు "ఇందులో వార్త ఏముంది?" అని అడిగే విలేకరి. ఈ ఇద్దరి మధ్య ఫోను పట్టుకొని ఉండేది చాలావరకు సంస్థలోకెల్లా చిన్న ఉద్యోగి.

పేరు, ఇతర ఉద్యోగాలతో తేడా

తెలుగువారికి "పీఆర్వో" అనగానే రెండు రకాల వ్యక్తులు గుర్తుకు వస్తారు. మొదటివారు జిల్లా పౌర సంబంధాల అధికారులు. వీరు రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖకు చెందిన ప్రభుత్వోద్యోగులు. ప్రభుత్వ కార్యక్రమాల సమాచారాన్ని పత్రికలకు అందించటం, విలేకరుల అక్రిడిటేషన్ వ్యవహారాలు చూడటం వీరి విధులలో కొన్ని. రెండవవారు సినిమా పీఆర్వోలు. తెలుగు చిత్రపరిశ్రమలో ఈ పనికి పేరుపొందిన బి.ఎ.రాజు (2021లో మరణించాడు) సూపర్ హిట్ అనే సినిమా పత్రికను కూడా నడిపాడు. సినిమా పీఆర్వో తరచు ఒంటరిగా, తన వ్యక్తిగత పరిచయాల మీద పనిచేస్తాడు.

కంపెనీలలో కార్పొరేట్ కమ్యూనికేషన్స్ అనే విభాగం ఉంటుంది. అందులోని ఉద్యోగి ఒకే సంస్థ కోసం పనిచేస్తాడు. ఏజెన్సీ ఉద్యోగి మాత్రం ఒకేసారి మూడు నాలుగు క్లయింట్ల పని చూడవలసి రావచ్చు. ఉదయం మందుల కంపెనీ, మధ్యాహ్నం గృహనిర్మాణ సంస్థ, సాయంత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీ అన్నట్లుగా సాగుతుంది. చదువు ముగించి వచ్చినవారికి ఏజెన్సీ మంచి బడి అని ఈ రంగంలోని పెద్దలు చెప్పటానికి ఇదే కారణం. అదే కారణంగా ఏ ఒక్క పరిశ్రమ గురించీ లోతుగా తెలుసుకొనే తీరిక తొలి ఏళ్ళలో దొరకదు.

చరిత్ర

1900లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ప్రారంభమైన పబ్లిసిటీ బ్యూరోను తొలి పౌర సంబంధాల ఏజెన్సీగా పేర్కొంటారు. ఈ వృత్తికి ఒక రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు ఐవీ లీ. పత్రికా విలేకరిగా పనిచేసిన లీ, 1906లో బొగ్గుగనుల యజమానుల తరఫున పనిచేస్తూ ఒక సూత్ర ప్రకటనను పత్రికలకు పంపాడు. తమది రహస్య ప్రచార కార్యాలయం కాదని, పని బహిరంగంగా జరుగుతుందని, ఇచ్చే సమాచారం సరియైనదని, అది వార్తగా కాక ప్రకటనగా ఉండదగినదని తోస్తే వాడవద్దని అందులోని సారాంశం. అదే ఏడాది అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ వద్ద పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు వంతెన మీదనుండి నీటిలో పడి 50 మందికి పైగా మరణించారు. అప్పటిదాకా ప్రమాదాలను కప్పిపుచ్చటం రైలు కంపెనీల అలవాటు. లీ మాత్రం కంపెనీ తరఫున ప్రకటన విడుదలచేసి, విలేకరులను ప్రమాదస్థలానికి రప్పించే ఏర్పాటు చేయించాడు. ఆధునిక పత్రికా ప్రకటనకు తొలి ఉదాహరణగా పాఠ్యపుస్తకాలు దీనినే చూపుతాయి.

పాఠ్యపుస్తకాలు కొంత తక్కువగా చెప్పే భాగం మరొకటి ఉంది. 1914లో కొలరాడో రాష్ట్రంలోని లడ్లో వద్ద సమ్మెచేస్తున్న గని కార్మికుల గుడారాలపై దాడి జరిగి స్త్రీలు, పిల్లలతో సహా పలువురు మరణించారు. ఆ గనులలో ప్రధాన వాటాదారులైన రాక్‌ఫెల్లర్ కుటుంబం తరఫున లీ కరపత్రాలు వెలువరించాడు. వాటిలో కార్మిక నాయకుల జీతాల అంకెలు తప్పుగా, వాస్తవం కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా అచ్చయ్యాయి. కంపెనీ అధికారులు ఇచ్చిన సమాచారాన్నే తాను వేశానని లీ తరువాత విచారణలో చెప్పుకున్నాడు. సరియైన సమాచారం ఇస్తానని ఎనిమిదేళ్ళ ముందు రాసిన వ్యక్తి, క్లయింటు ఇచ్చిన అంకెలను సరిచూడలేదు. రచయిత అప్టన్ సింక్లెయిర్ అతనికి విషపు తీగ అనే అర్థం వచ్చే ఎగతాళి పేరు పెట్టాడు. ఆ పేరు చివరిదాకా పోలేదు.

1923లో ఎడ్వర్డ్ బెర్నేస్ ఈ విషయంపై ఒక ప్రసిద్ధ గ్రంథం ప్రచురించి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాఠం కూడా చెప్పాడు.

భారతదేశంలో టాటా సంస్థలు 1943లో బొంబాయిలో పౌర సంబంధాల విభాగాన్ని ఏర్పాటు చేశాయి. 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1968 ఏప్రిల్ 21న న్యూఢిల్లీలో జరిగిన తొలి అఖిల భారత సదస్సులో నైతిక నియమావళిని ఆమోదించారు. ఆ రోజునే జాతీయ పౌర సంబంధాల దినంగా జరుపుకుంటారు. అయితే అప్పటికి ఈ పని ప్రధానంగా ప్రభుత్వ రంగ సంస్థలలోను, పెద్ద కంపెనీలలోను, కొంతవరకు ప్రకటనల ఏజెన్సీల అనుబంధ విభాగాలలోను జరిగేది. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత విదేశీ కంపెనీల రాకతో స్వతంత్ర ఏజెన్సీలకు గిరాకీ పెరిగింది. జెనెసిస్, పర్ఫెక్ట్ రిలేషన్స్ 1992లోను, యాడ్‌ఫ్యాక్టర్స్ పీఆర్ 1997లోను మొదలయ్యాయి. 2001లో ఏజెన్సీల సంఘం ఏర్పడింది. జెనెసిస్‌ను 2005లో బర్సన్-మార్స్టెల్లర్ అనే అమెరికా సంస్థ కొనుగోలు చేసింది. ఆ బహుళజాతి సంస్థ 2018లో మరొక సంస్థతో, 2024లో ఇంకొక సంస్థతో విలీనమై ప్రస్తుతం బర్సన్ పేరుతో ఉంది. ఏజెన్సీ పేర్లు ఇలా తరచు మారుతుంటాయి కనుక, పాత పాఠ్యపుస్తకాలలోని పేర్ల జాబితా పట్టుకొని ఉద్యోగానికి దరఖాస్తు చేసేవారు ముందుగా సరిచూసుకోవటం మంచిది.

పెద్ద ఏజెన్సీల ప్రధాన కార్యాలయాలు ఎక్కువగా ముంబై, ఢిల్లీ పరిసరాలలో ఉన్నాయి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్, ఔషధ, గృహనిర్మాణ రంగాలు పెరగటంతో ఇక్కడ కూడా శాఖలు, స్థానిక సంస్థలు ఏర్పడ్డాయి. హైదరాబాదు కేంద్రంగా ఈ వృత్తిని పాఠ్యాంశంగా ప్రచారం చేసినవారిలో సి.వి.నరసింహారెడ్డి ప్రముఖుడు. ఆయన రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖలో పనిచేసి, పబ్లిక్ రిలేషన్స్ వాయిస్ అనే పత్రికకు సంపాదకత్వం వహించాడు. ఆయన రాసిన పాఠ్యగ్రంథాన్ని విద్యార్థులు విరివిగా ఉపయోగిస్తారు.

చదువు, ప్రవేశం

న్యాయవాద వృత్తికో వైద్యానికో ఉన్నట్లు దీనికి తప్పనిసరి పట్టా గాని, లైసెన్సు గాని లేదు. పాత్రికేయం, ప్రకటనలు-పౌర సంబంధాలు, ఆంగ్ల సాహిత్యం, వాణిజ్యం, ఇంజనీరింగ్ చదివినవారు కూడా చేరుతున్నారు. ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థ (1965), అహ్మదాబాదులోని మైకా (1991) ఈ రంగానికి సంబంధించి పేరున్న విద్యాసంస్థలు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాత్రికేయ శాఖ 1954లోనే ప్రారంభమైంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోను, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలోను సమాచార ప్రసార కోర్సులు నడిచాయి.

ఎంపికలో పట్టా కంటె రాతపరీక్ష ముఖ్యం. అభ్యర్థికి ఒక కల్పిత కంపెనీ గురించి చిందరవందరగా ఉన్న ఇరవై ముప్పై వాస్తవాలు ఇచ్చి, గంటలో పత్రికా ప్రకటన రాయమంటారు. ఆ వాస్తవాలలో రెండు ఒకదానికొకటి పొసగకుండా ఉండటం సాధారణం. దానిని గమనించి అడిగినవారికి, గమనించక అందంగా రాసినవారి కంటె ఎక్కువ మార్కులు పడతాయి. మౌఖిక పరీక్షలో తప్పక వచ్చే ప్రశ్న "ఈ రోజు పత్రిక చదివారా?" అన్నది. ఏ పత్రికలో బ్యాంకింగ్ వార్తలు ఎవరు రాస్తారు, ఏ పత్రికకు ఆదివారం అనుబంధం ఎలా ఉంటుంది అన్నంత వివరంగా అడుగుతారు. పత్రికలు చదివే అలవాటు లేనివారు ఈ ఉద్యోగంలో నెగ్గుకురావటం కష్టం. ఇది చాలామంది కొత్తవారికి చేరిన తరువాతనే తెలుస్తుంది.

తొలి సంవత్సరపు పని

కొత్త ఉద్యోగి రోజు పత్రికల పరిశీలనతో మొదలవుతుంది. క్లయింటు గురించి, పోటీదారుల గురించి, ఆ పరిశ్రమ గురించి వచ్చిన వార్తలను గుర్తించి, ఒక్కొక్కదానికి రెండు మూడు వాక్యాల సారాంశం రాసి, క్లయింటు కార్యాలయానికి చేరుకొనేలోగా పంపాలి. పూర్వం పత్రికలను కత్తెరతో కత్తిరించి తెల్లకాగితాలపై అంటించేవారు. ఇప్పుడు ఈ-పేపర్లు, పరిశీలన సేవా సంస్థల సాఫ్ట్‌వేర్లు ఆ పని చేస్తాయి. అయినా తెలుగు పత్రికల జిల్లా పేజీలలో వచ్చిన వార్తలను, ముఖ్యంగా కంపెనీ పేరును రకరకాల వర్ణక్రమాలతో రాసిన వాటిని, యంత్రాలు తరచు వదిలేస్తాయి. కనుక మనిషి కన్ను ఇంకా అవసరమే.

రెండవ పని విలేకరుల జాబితా. ఏ పత్రికలో ఏ రంగాన్ని ఎవరు చూస్తారు, వారి ఫోను నంబరు ఏమిటి, ఏ సమయంలో మాట్లాడవచ్చు అన్నది ఇందులో ఉంటుంది. విలేకరులు పత్రికలు మారుతుంటారు, బీట్లు మారుతుంటారు. ఆరు నెలలు సరిచేయని జాబితా పనికిరాదు. ఎవరికీ పేరు తీసుకురాని ఈ పని చిన్న ఉద్యోగి నెత్తిన పడటం మామూలు. కాని ఆ జాబితాను శ్రద్ధగా నిర్వహించినవారే ఏడాది తిరిగేసరికి విలేకరులను పేరుపెట్టి పిలవగలిగే స్థితికి వస్తారు.

వీటికి తోడు సమావేశాల నివేదికలు రాయటం, విలేకరుల సమావేశానికి హాలు ఏర్పాటు చూడటం, ప్రతినిధి మాట్లాడవలసిన అంశాల పత్రం తయారుచేయటం, ఎదురుకాగల ప్రశ్నలను ఊహించి జవాబులు రాసిపెట్టటం ఉంటాయి. ఏ క్లయింటు కోసం ఎంత సమయం వెచ్చించారో టైమ్‌షీట్‌లో నమోదు చేయాలి. ఏజెన్సీ అమ్మేది ఉద్యోగుల కాలాన్నే కనుక ఈ లెక్క మీదనే రుసుము నిర్ణయమవుతుంది.

పత్రికా ప్రకటన

పత్రికా ప్రకటనను తెలుగు పత్రికా కార్యాలయాలలో ప్రెస్ నోట్ అంటారు. శీర్షిక, ఊరు-తేదీ, మొదటి పేరాలో ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్న వివరాలు, తరువాత కంపెనీ ప్రతినిధి మాట, చివర కంపెనీ పరిచయం, సంప్రదించవలసిన వారి పేరు, ఇదీ దాని నిర్మాణం. ముఖ్యమైనది పైన ఉండాలి. ఎందుకంటే సబ్ ఎడిటర్ స్థలాన్ని బట్టి కిందినుండి కత్తిరిస్తాడు.

రాయటం కంటె కష్టమైనది ఆమోదం పొందటం. చిత్తుప్రతి ఏజెన్సీలోని పై అధికారి నుండి క్లయింటు సమాచార విభాగానికి, అక్కడినుండి న్యాయ విభాగానికి, చివరకు మేనేజింగ్ డైరెక్టరు కార్యాలయానికి పోతుంది. ప్రతిచోటా ఒక విశేషణం చేరుతుంది. "ప్రముఖ", "అగ్రగామి", "ప్రపంచస్థాయి", "విప్లవాత్మక" అనే మాటలు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటాయి. పత్రికా కార్యాలయంలో మొదట కొట్టివేసేది వాటినే. ఈ సంగతిని పై అధికారులకు మర్యాదగా చెప్పగలగటం కొత్త ఉద్యోగి నేర్చుకొనే విద్యలలో ఒకటి.

విలేకరితో సంభాషణ

ప్రకటన పంపిన తరువాత విలేకరికి ఫోను చేసి, అందులోని విశేషాన్ని వివరించటాన్ని పిచింగ్ అంటారు. కొత్తవారు అత్యధికంగా భయపడేది దీనికే. "మెయిల్ అందిందా?" అని మాత్రమే అడిగే ఫోనును విలేకరులు ఎంత ద్వేషిస్తారో ఈ రంగంలో అందరికీ తెలుసు. అయినా ఏజెన్సీలు రోజూ ఆ ఫోన్లు చేయిస్తూనే ఉన్నాయి. క్లయింటుకు సాయంత్రం పంపే నివేదికలో "ఇంతమందితో మాట్లాడాము" అని చూపవలసి రావటమే ఇందుకు కారణం.

మేలైన పద్ధతి వేరు. ఒక విలేకరి ఇటీవల ఏమి రాశాడో చదివి, దానికి కొనసాగింపుగా తన క్లయింటు వద్ద ఏ సమాచారం ఉందో ఒకటి రెండు వాక్యాలలో చెప్పాలి. ఇరవై మందికి ఒకే మాట చెప్పటం కంటె ముగ్గురికి మూడు వేరు కోణాలు చెప్పటం ఫలిస్తుంది. సమయజ్ఞానం కూడా అవసరం. దినపత్రికల వారికి సాయంత్రం పేజీలు తయారయ్యే వేళ ఫోను చేయకూడదు. విలేకరుల సమావేశాలు తరచు ఉదయం 11 గంటల ప్రాంతంలో జరగటం ఇందువల్లనే. తెలియని ప్రశ్నకు "కనుక్కొని చెబుతాను" అనటం, కనుక్కొని నిజంగానే చెప్పటం ఈ ఉద్యోగంలో పరపతి సంపాదించే మార్గాలు. ఒక్కసారి ఊహించి చెప్పిన జవాబు మరునాడు అచ్చులో కనిపిస్తే ఆ పరపతి పోతుంది.

తెలుగు పత్రికలతో పని

జాతీయ స్థాయి ఏజెన్సీలలో తెలుగు విద్యార్థులకు తొలి ఉద్యోగం దొరకటానికి ఒక ముఖ్య కారణం భాష. ప్రకటనలు ఆంగ్లంలో తయారై, ప్రాంతీయ భాషలలోకి అనువాదం అవుతాయి. ఈనాడు (1974), సాక్షి (2008), నమస్తే తెలంగాణ (2011), ఆంధ్రజ్యోతి వంటి పత్రికలకు తెలుగు ప్రతి పంపాలి. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు ప్రారంభించిన తరువాత, మిగిలిన పత్రికలూ ఆ బాట పట్టాయి. దానితో జిల్లా వార్తకు స్థలం బాగా పెరిగింది. ఒక ఆసుపత్రి కర్నూలులో శాఖ తెరిస్తే హైదరాబాదు వాణిజ్య పేజీలో నాలుగు వాక్యాలు రావచ్చు, కర్నూలు పేజీలో మాత్రం ఫోటోతో సహా వస్తుంది. ముంబైలో కూర్చున్న వారికి ఇది తట్టదు.

అనువాదంలో చిక్కులు అనేకం. అన్నిటికంటె ప్రమాదకరమైనవి అంకెలు. ఒక మిలియన్ అంటే 10 లక్షలు, ఒక బిలియన్ అంటే 100 కోట్లు. ఒక సున్నా జారితే కంపెనీ పెట్టుబడి పదోవంతుకు పడిపోతుంది, లేదా పదింతలు అవుతుంది. ఆంగ్ల వాక్యాన్ని మక్కికి మక్కి దించిన ప్రెస్ నోట్‌ను డెస్కులో చదివి పక్కన పెట్టేస్తారు. కొత్తగా చేరిన తెలుగు ఉద్యోగి ఆంగ్ల ప్రతిని పక్కన పెట్టి, అదే విషయాన్ని తెలుగు విలేకరి రాసినట్లుగా మళ్ళీ రాయగలిగితే దానికి విలువ ఉంటుంది. మరొక చిక్కు ఖతుల (ఫాంట్ల) సంబంధమైనది. తెలుగు ముద్రణలో చాలాకాలం అను ఫాంట్లు రాజ్యమేలాయి. వాటిలో టైపు చేసినది యూనికోడ్‌లో చదవటానికి రాదు, యూనికోడ్ పాఠం వాటిలో పేజీకి ఎక్కదు. ఏ కార్యాలయానికి ఏ రూపంలో పంపాలో తెలిసి ఉండటం చిన్న విషయమే గాని, ఆ చిన్న విషయం వల్ల రాత్రి ఎనిమిది గంటలకు వార్త ఆగిపోయిన సందర్భాలు ఉంటాయి.

ఫలితాల కొలమానం

పని ఫలించిందా లేదా అన్నది ఎలా చెప్పాలి? చాలాకాలం ఏజెన్సీలు ప్రకటన విలువ అనే లెక్క వాడాయి. వచ్చిన వార్త 100 చదరపు సెంటీమీటర్లు ఉంది, అదే స్థలానికి ప్రకటన ధర చదరపు సెంటీమీటరుకు 1,000 రూపాయలు అనుకుంటే, ఆ వార్త విలువ లక్ష రూపాయలు అని చూపేవారు. వార్తకు నమ్మకం ఎక్కువ గనుక దానిని మూడుతో గుణించటం కూడా ఉండేది. ఈ గుణకానికి ఆధారం ఏమిటో ఎవరూ చూపలేదు. కంపెనీని విమర్శించిన వార్త కూడా ఈ లెక్కలో లాభంగానే కనబడుతుంది. 2010లో బార్సిలోనాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆమోదించిన సూత్రాలు, ప్రకటన విలువ పౌర సంబంధాల విలువ కాదని స్పష్టంగా ప్రకటించాయి. 2015లోను, 2020లోను వాటిని సవరించినపుడు కూడా ఆ మాట మారలేదు. అయినా నెలాఖరున కూర్చొని చదరపు సెంటీమీటర్లు లెక్కపెట్టే పని నుండి కొత్త ఉద్యోగులు పూర్తిగా బయటపడలేదు. క్లయింట్లు అడుగుతూనే ఉన్నారు.

నైతిక సమస్యలు

హామీ ఇవ్వలేని ఫలితానికి రుసుము తీసుకోవటం వల్ల పుట్టే ఒత్తిడి అడ్డదారులకు దారితీస్తుంది. వాటిలో అతి సాధారణమైనది విలేకరుల సమావేశంలో బహుమతులు, డబ్బు కవర్లు. వాటిని సంచిలో పెట్టి పంచే పని అప్పగించేది తరచు చిన్న ఉద్యోగికే. మరొకటి వార్త రూపంలో ప్రకటన. 2009 ఎన్నికలలో అభ్యర్థుల నుండి డబ్బు తీసుకొని వార్తలు వేశారన్న ఆరోపణలు దేశవ్యాప్తంగా వచ్చినపుడు, ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం ఈ విషయాన్ని లేవనెత్తి పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా పరిశీలన జరిపింది. భారత ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాసరెడ్డి ఉన్నాడు. వారి నివేదిక 2010లో సిద్ధమైంది. కౌన్సిల్ మొదట దాని సంక్షిప్త రూపాన్నే ఆమోదించింది. పూర్తి పాఠం 2011లో గాని బయటకు రాలేదు. డబ్బిచ్చిన వార్తను గురించి పాఠకుడికి తెలిసిపోతే పత్రికతో పాటు ఏజెన్సీకి కూడా అమ్మటానికి ఏమీ మిగలదు. ఈ వృత్తి బతికేదే వార్తపై ఉన్న నమ్మకం మీద.

2010 నవంబరులో ఓపెన్, ఔట్‌లుక్ పత్రికలు వైష్ణవి కార్పొరేట్ కమ్యూనికేషన్స్ అధినేత్రి నీరా రాడియా టెలిఫోను సంభాషణల పాఠాలను ప్రచురించాయి. రాజకీయ నాయకులు, పారిశ్రామికవేత్తలు, పాత్రికేయులతో ఆమె సంభాషణలు అందులో ఉన్నాయి. 2011లో ఆమె ఈ వ్యాపారం నుండి తప్పుకుంది. ఆ సంభాషణలలో నేరం ఏదీ కనబడలేదని సి.బి.ఐ. 2022లో సుప్రీంకోర్టుకు తెలిపింది. నేరం కాకపోయినా, పౌర సంబంధాలకూ పైరవీకీ మధ్య గీత ఎక్కడ అన్న చర్చ మాత్రం నిలిచిపోయింది.

లండనులోని బెల్ పోటింజర్ ఉదంతం ఈ వృత్తిలో చేరేవారికి మరింత దగ్గరిది. దక్షిణాఫ్రికాలో గుప్తా కుటుంబానికి చెందిన ఓక్‌బే సంస్థ కోసం జాతి విద్వేషాన్ని రెచ్చగొట్టే ప్రచారం చేసిందన్న ఆరోపణపై, 2017 జూలైలో ఆ ఏజెన్సీ ఒక భాగస్వామిని తొలగించి, మరొక భాగస్వామిని, ఇద్దరు ఉద్యోగులను సస్పెండ్ చేసింది. సెప్టెంబరులో బ్రిటిష్ వృత్తి సంఘం ఏజెన్సీని బహిష్కరించింది. క్లయింట్లు వెళ్ళిపోవటంతో కొద్ది రోజులలోనే 30 ఏళ్ళ సంస్థ మూతపడింది. ఆ ఖాతాతో ఏ సంబంధమూ లేని ఉద్యోగులు కూడా ఉపాధి కోల్పోయారు.

హైదరాబాదు అనుభవం వేరొక రకమైనది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి.రామలింగరాజు ఖాతాలలో వేల కోట్ల రూపాయల మేరకు లేని సొమ్మును చూపినట్లు లేఖ ద్వారా అంగీకరించాడు. అంటే అంతకుముందు కొన్నేళ్ళుగా త్రైమాసిక ఫలితాల ప్రకటనలలో వచ్చిన అంకెలు తప్పుడువి. ఆడిటర్లు పట్టుకోనిదానిని ప్రకటన రాసే ఉద్యోగి పట్టుకోగలడని ఎవరూ అనరు. కాని ప్రకటనలోని ప్రతి అంకెకు పక్కన అది ఎవరు ఇచ్చారు, ఏ పత్రంలో ఉంది అని రాసిపెట్టుకొనే అలవాటును మంచి ఏజెన్సీలు మొదటి వారంలోనే నేర్పుతాయి. 1914లో లీ చేయనిది అదే.

చట్టరీత్యా కొత్త ఉద్యోగి తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ ఫలితాలు, విలీనాలు వెల్లడి కాకముందే ఏజెన్సీ చేతికి రావచ్చు. సెబీ 2015 నిబంధనల ప్రకారం అటువంటి సమాచారం తెలిసినవారు ఆ షేర్లు కొనటం, అమ్మటం, ఇతరులకు చెప్పటం నిషిద్ధం. సమాచారం ఎవరెవరికి ఇచ్చారో వారి పేరు, పాన్ నంబరుతో సహా కంపెనీ నమోదు చేయాలి. ఇరవై రెండేళ్ళ ట్రైనీ పేరు కూడా అందులో ఉంటుంది. ఇంట్లో భోజనాల దగ్గర "మా క్లయింటు ఫలాని కంపెనీని కొంటున్నాడు" అనటం కూడా ఉల్లంఘన కిందికి వస్తుంది.

హోదాలు, జీతం

ఎగ్జిక్యూటివ్, సీనియర్ ఎగ్జిక్యూటివ్, అకౌంట్ మేనేజర్, అకౌంట్ డైరెక్టర్ అన్నది సాధారణ క్రమం. పేర్లు సంస్థను బట్టి మారుతాయి. తొలి జీతం సాఫ్ట్‌వేర్ రంగంతో పోలిస్తే తక్కువ. పని వేళలు అనిశ్చితం. రెండు మూడేళ్ళలో చాలామంది కంపెనీల సమాచార విభాగాలకు వెళ్ళిపోతారు. పాత్రికేయులు ఇటువైపు రావటం మామూలే గాని, ఇక్కడినుండి పత్రికలకు వెళ్ళేవారు అరుదు.

ఇటీవలి మార్పులు

సామాజిక మాధ్యమాల రాకతో విలేకరుల జాబితాకు యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రజాదరణ ఉన్నవారి జాబితా తోడైంది. వీరికి డబ్బిచ్చి చెప్పించే మాట ప్రకటన అవుతుంది, వార్త కాదు. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం అటువంటి పోస్టుపై అది ప్రకటన అని స్పష్టంగా రాయాలి. ఆ ముద్ర చిన్నదిగా వేయమనో, చివరన వేయమనో క్లయింటు కోరినపుడు కాదని చెప్పవలసినది మళ్ళీ ఆ ఖాతా చూసే ఉద్యోగియే.

2022 తరువాత కృత్రిమ మేధ సాధనాలు విస్తృతంగా అందుబాటులోకి వచ్చాయి. ప్రకటన చిత్తుప్రతి, వార్తల సారాంశం, అనువాదం వంటి తొలి ఏడాది పనులను ఇవి నిమిషాలలో చేసి ఇస్తున్నాయి. దీనివల్ల కొత్తవారి నియామకాలు తగ్గుతాయా అన్న చర్చ ఈ రంగంలో నడుస్తోంది. యంత్రం రాసిన ప్రతిలో కంపెనీ చెప్పని మాట, లేని అంకె చేరే అవకాశం ఉంది కనుక సరిచూసే పని పెరిగింది. విలేకరి ఫోను ఎత్తి "ఈ అంకె ఎక్కడిది?" అని అడిగినపుడు జవాబు చెప్పవలసినది ప్రకటన కింద పేరు, నంబరు ఉన్న ఉద్యోగియే.

ఇవి కూడా చూడండి

పాత్రికేయం
ప్రకటనలు
భారత ప్రెస్ కౌన్సిల్
సత్యం కంప్యూటర్స్